అరువదియైదవ కళ

క్రొత్తగా పెండ్లియైన జంటను చూచి "చిలకా గోరింకల్లా ఉన్నారు" అనుట మన తెలుగువారికి తరతరములుగా వచ్చుచున్న అలవాటు. మా పెండ్లినాడు మాకును ఆ మాట దక్కినది; అక్షతలతోపాటు దానినిగూడ తలవంచి స్వీకరించితిమి. అందలి వింత నా బుద్ధికి తట్టుటకు నలువదియేండ్లు పట్టినది. అదియు ఉద్యోగము విరమించి యింట కూర్చుండి, ప్రొద్దుపోక పిట్టలను పెంచ మొదలిడిన పిదప. చిలుక యొక జాతి, గోరింక వేరొక జాతి. చిలుక గింజలును పండ్లును కొరికి బ్రదుకును. గోరింక పొలముల వెంబడి తిరిగి పురుగులను మిడుతలను ఏరుకొని తినును. ఆ రెంటికిని జత కుదురుట యటుండగా, గూటికి పనికివచ్చు ఒక్క చెట్టుతొర్ర కన్పించినచో వానిమధ్య రేగు కలహమును చూచినవారెవ్వరును వాని పేర దంపతులను దీవింపరు. మన పెద్దలీ సంగతి ఎరుగకపోలేదు. పలుకు నేర్వగల పక్షులు రెండింటిని ఒకచోట చేర్చి, మాటకు మాట అందించుకొనుటయే దాంపత్యమని వారు తలంచియుందురు.

పలుకన్న మన పూర్వులకు అంత మక్కువ. వాత్స్యాయనుడు కామసూత్రములందు లెక్కించిన 64 కళలలో శుకసారికాప్రలాపనము, అనగా చిలుకలకును గోరింకలకును మాటలు నేర్పుట, ఒకటి. మన్మథునికి చిలుక వాహనము. మధుర మీనాక్షి చేతిలో చిలుక. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో కథలమీద కథలు చెప్పి యిల్లాలిని గడప దాటనీయక నిలిపినదియు చిలుకయే. వంటింటి భాషలోను ఇదే వరుస: బట్టీపట్టిన పాఠము చిలుకపలుకులు, ఓపికతో చెప్పిన బుద్ధి చిలుకకు చెప్పినట్లు చెప్పిన బుద్ధి. మన గ్రంథములలో చిలుక కన్పించిన చోటనెల్ల నోరు విప్పియే యుండును. గూటిలో అది యేమి చేయునో, పిల్లల నెట్లు సాకునో చెప్పదలచినవారు అరుదు. బాణభట్టు కాదంబరిలో మాత్రము, తల్లిలేని పసిచిలుకను ముసలితండ్రి వేటగాని చేతికి చిక్కనీయక తన రెక్కల మరుగున దాచుకొన్న ఘట్టమొకటి కలదు. ఐనను ఆ కథ చెప్పునది మరల ఆ చిలుకయే!

మా యింటికి పిట్టలు వచ్చుటకును ఈ పలుకుపిచ్చియే కారణము. ఎనిమిదేండ్ల మనుమరాలు వేసవి సెలవులకు వచ్చి, "తాతయ్యా, నాకు మాట్లాడే రామచిలక కావాలి" అని పట్టుపట్టినది. నా చిన్ననాట అది పెద్ద కోరిక కాదు. మా యూర రెండిండ్లకొక వసారాలో, చొక్కా తగిలించు చిలుకకొయ్య ప్రక్కనే, అసలు చిలుకగల యినుపపంజరము వ్రేలాడుచుండెడిది. తాటిమోడుల తొర్రలనుండి రెక్కలురాని పిల్లలను దించి తెచ్చి, పచ్చిమిరపకాయలును జామకాయముక్కలును పెట్టి పెంచెడివారు. ఇప్పుడట్లు చెల్లదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రామచిలుకలను పట్టుటయు, అమ్ముటయు, ఇంట బంధించుటయు నేరము. నేను మనుమరాలికి చట్టము విప్పిచెప్పుచుండగా, నా భార్య వంటింటిలోనుండి అంతకంటె పాతచట్టమును జ్ఞాపకము చేసినది: "గోల్కొండలో రామదాసుగారి పన్నెండేళ్ళ చెర మర్చిపోయారా?" పూర్వజన్మమున నొక చిలుకను పన్నెండేండ్లు పంజరమున నిర్బంధించిన పాపమునకే కంచెర్ల గోపన్నకు అన్నియేండ్ల కారాగారము ప్రాప్తించినదని మన యిండ్లలో చెప్పుకొను కథ. ఏండ్లకు ఏండ్లు సరిపోల్చి తీర్చిన ఇంత నిక్కచ్చి లెక్క ఏ శిక్షాస్మృతిలోను నేను చూడలేదు.

ఐనను మనుమరాలి కన్నీటి ముందర శిక్షాస్మృతులు నిలుచునా? హైదరాబాదులో చార్మినారుకు సమీపమున, మహబూబ్ చౌక్ అని పేరుగల్గియు జనుల నోట ముర్గీచౌక్‌గా చలామణి యగుచున్న పక్షుల అంగడికి పోయితిని. కోళ్ళు, పావురములు, పంజరముపై పంజరము, ఆ అరపులలో మనిషి మాట మనిషికి వినరాదు. రామచిలుక మాట యెత్తగానే అంగడివాడు చేతులూపి, "ఆ చిల్కలు వద్దు సాబ్, కేసైతది. లవ్ బర్డ్స్ తీస్కపోండి. జోడీ ఇస్త" అనెను. ఏబదింటిని కుక్కిన పంజరములో చేయిపెట్టి, ఒక పచ్చదానిని, మరియొక పచ్చదానిని పట్టి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో వేసి నా చేతికిచ్చెను. రెండు నిమిషములలో పెండ్లి ముగిసినది. జాతకములు లేవు, ఇచ్చిపుచ్చుకొనుటలు లేవు.

మన బజారులలో లవ్ బర్డ్స్ అని పిలువబడునవి నిజమునకు ఆ పేరు గలవి కావు. ఆ పేరుగలవి ఆఫ్రికా పక్షులు. వానిని అంగడివారు "ఆఫ్రికన్" అని వేరుపరచి, వెలయు వేరుగానే చెప్పుదురు. నేను తెచ్చినవి బడ్జరిగార్లు. ఆస్ట్రేలియా నడిభాగపు గడ్డిబయళ్ళలో గుంపులు గుంపులుగా వానవెంట వలసపోవుచు, వాన కురిసి గడ్డి గింజపట్టినచోట ఆగి కాపురము పెట్టు చిట్టిచిలుకలు. జాన్ గూల్డ్ అను ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త 1840 లో వీనిని ప్రాణములతో ఇంగ్లండునకు చేర్చెను. అటుపిమ్మట వీని పెంపకము లోకమంతట ప్రాకినది. ఇందొక తమాషా కలదు. మన రామచిలుకలు ఎట్లో లండను చేరి, పంజరములు తప్పించుకొని, అచ్చటి ఉద్యానవనములలో మందలుగా స్వేచ్ఛాకాపురములు చేయుచున్నవి. ఆస్ట్రేలియా చిలుక వచ్చి మా వసారాలో పంజరమెక్కినది. దొరతనము పోయినను బదిలీలు ఆగలేదు.

ఆ జంట కాపురమును చూచి మేము మురిసిన మురిపెము ఇంతంత గాదు. తెల్లవారినది మొదలు ఒకదాని తల నొకటి దువ్వుకొనుట, ముక్కున ముక్కు చేర్చి మేత తినిపించుకొనుట, రాత్రి ఒకే పుల్లపై భుజము భుజము రాసికొని నిద్రించుట! "చూడండి వదినగారూ, చిలకా గోరింకల్లా ఎలా ఉన్నాయో" అని నా భార్య పొరుగామెను పిలిచి చూపెడిది. ఆ వెంటనే నావంక చూచిన చూపునకు అర్థము వేరు. ప్రక్కకు చిల్లిపెట్టిన చిన్నమట్టికుండను పంజరములో కట్టి గ్రుడ్లకొరకు ఎదురుచూచితిమి. ఎనిమిది నెలలు గడచినవి. చివరకు మా వీధి మొదట గడియారములు బాగుచేయుచు, ముప్పదియేండ్లనుండి తన మిద్దెపై పిట్టలను పెంచుచున్న పెద్దమనిషి యొకరు వచ్చి, గడియారము చూచినంత శ్రద్ధగా పంజరములోనికి చూచి, "మాస్టారూ, రెండూ మగవే" అనిరి.

గురుతు ముక్కుమీద నున్నది. ముక్కు మొదట, నాసారంధ్రముల చుట్టు, మైనము పూసినట్లు నున్నని పొర యొకటి యుండును. ఎదిగిన మగదానికి అది నీలము, పెట్టకు గోధుమవన్నె. పెట్ట గ్రుడ్లకు వచ్చినచో ఆ పొర ముదురురంగు తిరిగి గరుకెక్కును. పిల్లతనమున మాత్రము రెంటికిని ఇంచుమించు ఒకేతీరున నుండుటచేత అంగడివాడును మోసపోయెనో, మోసమే చేసెనో చెప్పలేను. మేము మోసపోయితిమనుట మాత్రము నిజము. ఆ రెండు మగపిట్టలకు ఒకదానిపై నొకటికి గల మక్కువలో మోసమేమియు లేదు. గ్రుడ్లు లేకపోవుట మా కొరతయే గాని వాని కొరత కాదు. నా భార్య ఆ సంగతిని పొరుగామెకు చెప్పకుండుటయే మేలని నిశ్చయించినది.

అంతట నేను పెండ్లిండ్ల పేరయ్యనైతిని. ముక్కుపొరలు పరీక్షించి పెట్టలను రెండింటిని తెచ్చితిని. ఒకటి పచ్చది, ఒకటి పసుపుది. మగవానిలో పెద్దదానికి పసుపుపెట్ట, చిన్నదానికి పచ్చపెట్ట అని మనస్సులోనే ముహూర్తము పెట్టితిని. వారము తిరుగకమున్నే అవి నా నిశ్చయమును త్రోసి తారుమారుగా జతకట్టినవి. పోనిమ్మంటిని. అప్పుడు మొదలైనది అసలు తగవు. కట్టిన కుండలు రెండింటిలో ఒకటి జానెడు పైన నుండెను. పెట్టలు రెంటికిని ఆ పైకుండయే కావలెను. మగపిట్టలు కలుగజేసికొనక దూరపుపుల్లపై కూర్చుండి ఈకలు సవరించుకొనుచుండగా, ఆ పెట్టలు ఒకదాని కాలు నొకటి కరచి, క్రిందపడి దొర్లి, పసుపుదాని వ్రేలినుండి నెత్తురు కారువరకు పోరాడినవి. గడియారపు పెద్దమనిషి వచ్చి నామీద కోపపడిరి. "రెండు జంటలకి నాలుగు కుండలు కట్టాలి మాస్టారూ, అన్నీ ఒకే ఎత్తున. మేడమీద వాటా ఎవరికి చేదు చెప్పండి?" అని, కుండలు తామే కట్టి, పోవుచు పోవుచు గుమ్మమువద్ద నిలిచి, "ఇక మీరు చెయ్యాల్సిందేం లేదు. చూడకుండా ఉండటమే మీ పని" అనిరి.

చూడకుండుట యెంతటి పనియో చేసినవానికే తెలియును. గింజ పోయుట, నీరు మార్చుట, క్రింద పరచిన కాగితము తీసివేయుట, ఇవి అరగంటలో తీరును. మిగిలిన ఇరువదిమూడున్నర గంటలు చూడకుండవలెను. పచ్చపెట్ట కుండలోనికి దూరి, నేను మెత్తగా పరచిన రంపపుపొట్టునంతయు కాలితో బయటికి చిమ్మివేసినది. ఈ పక్షి గూడు అల్లదు. తొర్రలోని కటికనేలపైననే గ్రుడ్లు పెట్టును. చీకటిలో దాగియుండునవి కావున ఆ గ్రుడ్లకు మచ్చల మరుగు అక్కరలేదు, తెల్లగా నుండును. దినము విడిచి దినము ఒక్కొక్కటిగా నాలుగో, అయిదో, ఆరో పెట్టును. పొదుగుట పెట్టవంతు, పోషించుట మగదానివంతు. సంజవేళ మగపిట్ట కుండపై వాలి, తలను నాలుగైదుమారులు పైకిని క్రిందికిని ఆడించి, కడుపులోని మేతను గొంతుకలోనికి తెచ్చుకొని, చిల్లివద్ద నోరు పెట్టును. లోపలి చీకటినుండి ముక్కొకటి మాత్రము బయటికి వచ్చి, అందుకొని, మరల చీకటిలో కలిసిపోవును. ముఖముకూడ కనబడదు. ఇరువదిసార్లు, ముప్పదిసార్లు ఇట్లు జరుగును. నేను కాఫీగ్లాసు చేతబట్టుకొని ఎన్ని సాయంకాలములు దానిని చూచితినో!

ఆరవనాడు నా నిగ్రహము సడలినది. ఎన్ని గ్రుడ్లున్నవో లెక్కపెట్టవలెనను కోరికతో టార్చిలైటు తెచ్చి కుండలోనికి వేసితిని. ఒక్కక్షణము: మూడు తెల్లని గ్రుడ్లు, వానిమీద రెక్కలు పరచి నన్ను చూచుచున్న నల్లనికన్ను. పెట్ట ఉలికిపడి వెనుకకు జరిగినది. మరునాటి ఉదయము కుండక్రింది కాగితముపై, చిటికెనవ్రేలి కొసకంటె పెద్దది కాని గ్రుడ్డొకటి, గోటితో గ్రుచ్చినట్లు చిల్లిపడి కన్పించినది. నేను నా భార్యకు చెప్పలేదు. కాగితము మడిచి పారవేసితిని. ఆమె అడుగలేదు గాని, నాటి సాయంకాలము టార్చిలైటు దాని చోటునుండి మాయమై, వారము తరువాత బియ్యపుడబ్బా వెనుక దొరకినది.

పిదప పెట్టినవానితో కలిపి మిగిలినవి నాలుగును, ఒక్కొక్కటి దాదాపు 18 దినములకు, పిల్లలైనవి. గ్రుడ్లు అన్నియు పెట్టువరకు ఆగక మొదటినుండియే పొదుగుటచేత పిల్లలును ఒకనాడు పుట్టవు. పెద్దది కన్ను తెరచి ఈకముండ్లతో కుండ నిండుచుండగా కడపటిది గులాబివన్నె మాంసపుముద్దగా గ్రుడ్డునుండి వెలువడును. ఆ కడపటిది మూడవనాడు అన్నల క్రింద నలిగి పోయినది. తక్కిన మూటిలో రెండు పచ్చన, ఒకటి ఆకాశమువలె నీలము. తల్లి పచ్చన, తండ్రి పచ్చన, పిల్ల నీలమా! పొరుగామె పంజరమువద్ద నిలువబడి, "ఇదెవరి పోలికండీ?" అని సాగదీసి అడిగిన అడుగులో లోకమంతటి అనుమానము కలదు. "తాత పోలిక" అని నా భార్య తడుముకొనక చెప్పినది. మెండెలు 1866 లో బఠానీమొక్కలనుగూర్చి ప్రకటించిన శాస్త్రమంతయు ఆ రెండుమాటలలో నున్నది: నీలము పచ్చక్రింద అణగియుండు గుణము, తల్లిదండ్రులిద్దరును దానిని దాచియుంచుకొన్నవారైనచో నాలుగింట నొకపాలు బయటపడును. మన ముత్తవ్వలు పురిటిమంచమువద్ద నిలిచి ఈ శాస్త్రమును ఎన్నివేలమారులు ఉచ్చరించిరో!

పసుపుపెట్ట కథ ఇంత శుభముగా నడువలేదు. అందు దోషము నాది. వరుసగా రెండుమార్లు పిల్లలను లేపిన దానిని మూడవమారును ఆగుమనక, కుండ తీయక, ఇంకను పిల్లలు కావలెనను ఆశతో ఊరకుంటిని. నాలుగవ గ్రుడ్డు అడ్డుపడి, ఈకలు విచ్చుకొని, పంజరపు నేలపై ఒకరాత్రి కూర్చుండి, తెల్లవారకమున్నే అది ప్రాణములు విడిచినది. గ్రుడ్డుపెంకునకు కావలసిన సున్నము ఒంటిలో హరించిపోయినదని పెద్దమనిషి చెప్పి, "సముద్రపు నురుగు పెట్టలేదా?" అని అడిగిరి. పేరు నురుగే గాని, అది సముద్రమున తిరుగు ఒక ప్రాణి వెన్నులోని తెల్లని గుల్ల. ఆయుర్వేదపు మందులలో సముద్రఫేనమని వాడునదియే. పంజరపు కమ్మికి కట్టినచో పెట్టలు గీకి తినును. నాటినుండి మా పంజరమున అది యెన్నడును తరుగదు; రెండు కాన్పులు కాగానే కుండలు దించివేయుదును; ఎండాకాలమంతయు కుండలు కట్టను. కొర్రలు, సజ్జలు, కడిగిన కొత్తిమీర కట్ట, అప్పుడప్పుడు ఉడికించిన కోడిగ్రుడ్డు. శాకాహారపు టింట కోడిగ్రుడ్డు ఉడుకుటకు జరిగిన చర్చ వేరుగా వ్రాయదగినది, ఇచ్చట విడుచుచున్నాను.

మరుసటి వేసవికి మనుమరాలు వచ్చి, పంజరమువద్ద మూడుదినములు పీటవేసికొని కూర్చుండి "రామా అను, రామా అను" అని చెప్పి చెప్పి విసిగి, "ఇవి మాట్లాడవేం తాతయ్యా?" అని నిలదీసినది. ఆ ప్రశ్నను నేను గడియారపు పెద్దమనిషి ముందర పెట్టితిని. వారు నవ్వి, "మాట్లాడాలంటే ఒక్కదాన్నే పెంచాలమ్మా. జోడున్నది నీతో ఎందుకు మాట్లాడుతుంది?" అనిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిలుక గుంపులో బ్రదుకు ప్రాణి. గుంపునుండి వేరుచేసి మన వసారాలో వ్రేలాడదీసినచో దానికి మనమే గుంపు. ఆ గుంపు భాష నేర్చుకొననిదే దానికి పలుకరించు దిక్కు లేదు. నా బాల్యమున మా వసారాలో "ఎవరు? ఎవరు?" అని వచ్చినవారినెల్ల ప్రశ్నించిన చిలుక, అతిథిమర్యాద చేయుచున్నదని మేము నవ్వుకొన్న చిలుక, నిజముగా ఎవరికొరకు అడుగుచుండెనో ఇప్పుడు తోచినది. శుకసారికాప్రలాపనము గొప్పకళయే, కాదనను. కాని ఆ కళకు కావలసిన మొదటి సామగ్రి పక్షి ఒంటరితనము. జోడుగల పిట్టకు నా మాట అక్కరలేదు, నా ముఖము అక్కరలేదు. నేను వసారాలోనికి వచ్చినను అది తలత్రిప్పి చూడదు. ఏండ్లతరబడి పిల్లలకు పాఠములు చెప్పి, చెప్పినదానిని తిరిగి అప్పజెప్పించుకొనుటయే వృత్తిగా బ్రదికిన నాకు, నన్ను లెక్కచేయని ఆ వీపులను చూచుట మొదట కొంత చిన్నతనముగానే యుండెను. ఒకరి సుఖమునకు మనము అక్కరలేదని తెలిసికొని, గింజపోసి తప్పుకొనుట వాత్స్యాయనుని పట్టికలో లేదు. దానిని అరువదియైదవదిగా చేర్పవలెనని నా కోరిక.

మరి పంజరమునకు నా సమాధానమేమని అడుగవచ్చును. నా భార్య ఇప్పటికిని అడుగుచున్నది. ఇవి పంజరమున పుట్టినవాని బిడ్డల బిడ్డలు; ఈ నేల వీనిది కాదు; తలుపు తీసి వదలినచో మేత వెదకుకొననేరక, సాయంకాలములోపల మా కొబ్బరిచెట్టుమీది కాకుల పాలగును. విడిచిపెట్టుట దయ యనిపించుకొనదు. అంతమాత్రమున పంజరము పుణ్యమైపోదు. ఎనిమిదడుగుల పొడవున కమ్మీలు పెంచి, పిట్టలు రెక్క విప్పి ఈ కొననుండి ఆ కొనకు ఎగురునట్లు చేసితిని. రామదాసుగారి లెక్కలో అది ఎన్నిదినములు తగ్గించునో తగ్గించుగాక.

పిల్లలను మేము అమ్మము. అడిగినవారికి జోడుగానే ఇత్తుము, అదియు గడియారపు పెద్దమనిషి ముక్కులు పరీక్షించిన పిమ్మటనే. ఒంటిదానిని ఇమ్మన్నవారిని కాఫీయిచ్చి పంపుదుము. ఇప్పుడు పంజరమున మూడుజంటలు, ఆరు కుండలు కలవు. ఎడమవైపు రెండవకుండలో గ్రుడ్లున్నవని మగపిట్ట రాకపోకలను బట్టి అనుకొనుచున్నాము. ఎన్నియో తెలియదు. మా యింటికి వచ్చువారు వసారాలో కూర్చుండి ఎంతసేపైనను పిట్టలను చూడవచ్చును; కుండలోనికి మాత్రము తొంగిచూడవలదని మనవి.